రాజధాని గుమ్మమున రాయబారులు

1783వ సంవత్సరము జూన్ మాసమున, జీతములు ముట్టని సైనికులు ఫిలడెల్ఫియాలో కాంగ్రెసు కూడిన భవనమును చుట్టుముట్టిరి. సభ్యులు ప్రిన్స్‌టన్‌కు తరలిపోయిరి. ఏ రాష్ట్రపు చెప్పుచేతలలోను లేని ప్రత్యేక ప్రదేశమున రాజధాని యుండవలెనను తలంపునకు ఆ భంగపాటు బలము చేకూర్చినది. 1790లో శాసనము వచ్చినది. పొటోమాక్ నదీతీరమున వాషింగ్టన్ నగరము వెలసినది. ఒత్తిడి తప్పించుకొనుటకై కట్టుకొన్న ఆ ఊరే నేడు ఒత్తిడి వర్తకమునకు పేరుమోసిన అంగడి యైనది.

ఇందుకు ఆశ్చర్యపడ నక్కరలేదు. ఆ నగరము పుట్టుకయే ఒక బేరము. రాష్ట్రముల యుద్ధఋణములను కేంద్రము వహింపవలెనని హామిల్టన్ కోరెను. రాజధాని దక్షిణమునకు రావలెనని జెఫర్సన్, మాడిసన్‌లు కోరిరి. తన యింట విందు చేసి రాజీ కుదిర్చినట్లు జెఫర్సన్ తానే వ్రాసికొనెను. ఆ విందు సంప్రదాయము చెడిపోలేదు. అంతర్యుద్ధానంతరము శామ్యూల్ వార్డ్ అనునతడు పసందైన భోజనములతోనే శాసనసభ్యులను మెప్పించి ‘లాబీ రాజు’ అనిపించుకొనెను. (లాబీ యను మాట, గ్రాంటు అధ్యక్షుడు చుట్ట కాల్చుకొనుటకు పోవు విల్లార్డ్ హోటలు వసారాలో పుట్టినదని చెప్పుదురు. కథ బాగున్నది గాని, గ్రాంటు అధ్యక్షుడు కాకపూర్వమే ఆ మాట వాడుకలో నుండెను.)

ప్రభుత్వమునకు మొర పెట్టుకొను హక్కును 1791నాటి మొదటి సవరణయే కాపాడినది. దానిని తప్పుపట్టుట తగదు. ఏ చట్టము ఎవరి పొట్ట కొట్టునో సభ్యులకు చెప్పువారు ఉండవలసినదే. అయితే కాన్సాస్ రైతు ఆ మొర వినిపింపవలెనన్న వేయిమైళ్లకు మించి ప్రయాణము చేయవలెను. మరునాడే పొలము పిలుచును. ఔషధముల కంపెనీ తరఫు మనిషి ఉదయము కాపిటల్ మెట్లెక్కి, పని కాకపోయినచో రేపు మరల రాగలడు, ఎల్లుండియు రాగలడు. ఒకప్పుడతడు ఆ ఉపసంఘముననే ఉద్యోగము చేసినవాడైనచో, లోనివారికి తన పేరు చెప్పుకొనవలసిన పనియు లేదు. లంచముకన్న ఈ నిత్య సాన్నిధ్యమే బలవత్తరమైనది.

1946లో ఒకటి, 1995లో మరియొకటి చట్టములు చేసిరి. రాయబారి పేరు నమోదు చేయించుకొనవలెను, లెక్కలు తెలుపవలెను. ఆ లెక్కల ప్రకారమే 2023లో ఖర్చు 400 కోట్ల డాలర్లు దాటినది. లెక్క బయటపడుట మంచిదే. రైతుకు మాత్రము దారి దగ్గర కాలేదు.

అన్నిటికన్న విపరీతము మరియొకటి కలదు. ఆ నగరమున నివసించు సుమారు 7 లక్షల జనమునకు సెనేటులో ఒక్క సభ్యుడును లేడు. ప్రతినిధిసభలోని ఒక్క ప్రతినిధికిని చట్టముపై తుది వోటు లేదు. అధ్యక్షుని ఎన్నికలో పాలుపంచుకొను హక్కు సైతము 1961 దాక రాలేదు. ప్రాతినిధ్యము లేకయే పన్ను కట్టుచున్నామను గోడును 2000వ సంవత్సరము నుండి వారు తమ కార్ల నెంబరు పలకలపై వ్రాయించుకొనుచున్నారు. ఆ కార్ల నడుమనుండియే, ఎక్కడెక్కడి కంపెనీల మనుషులో కాపిటల్ వైపు సాగిపోవుచుందురు.