తెర మార్చడానికి ముందు

ల్యాప్‌టాప్‌లో వెలుగు మీటను నొక్కితే తెర వెంటనే మారక, కొన్ని క్షణాలు ఆలసించి మెల్లగా మారుతున్నదని విద్యార్థులు వాపోవడం కద్దు. వెనువెంటనే "తెర పోయింది" అన్న తీర్పు వెలువడుతుంది. స్కాలర్‌షిప్ సొమ్ముతో పాత యంత్రం కొనుక్కున్నవాడు కొత్త తెర కొరకు అప్పు వెతుక్కుంటాడు. ఈ తొందరపాటును మేము ఆమోదించలేము. ఈ ఆలస్యానికి తెర కారణం కావడం అరుదని మా దృఢాభిప్రాయం.

మీటకూ తెరకూ మధ్య సూటి తీగ లేదు. మీట నొక్కిన సంగతి యంత్రంలోని చిన్న నియంత్రకానికి, అక్కడినుండి విండోస్‌కు, ఆపైన గ్రాఫిక్స్ డ్రైవరుకు చేరాలి. తెర వెనుకనున్న ఎల్.ఇ.డి. దీపాలకు ఆజ్ఞ అందేది ఆ పిమ్మటనే. అందిన మరుక్షణం దీపాలు మారగలవు. జాప్యమంతా దారిలోనే!

పరీక్ష సులభం. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే తెరచి, బ్రైట్‌నెస్ గీటును జరిపి చూడాలి. అది చురుకుగా పనిచేసి మీట మాత్రమే మందగిస్తే, దోషం మీటలను నడిపే తయారీదారు ప్రోగ్రాములో ఉండవచ్చు. రెండూ మందగిస్తే డ్రైవరును అనుమానించాలి. డివైస్ మేనేజరులో 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అన్న పేరు కనిపించినదా, అసలు డ్రైవరే లేదన్నమాట. తయారీదారు వెబ్‌సైటు నుండి ఆ మోడలుకు తగినదానిని తెచ్చి వేసుకోవాలి.

మీట తాకకుండానే వెలుగు నెమ్మదిగా హెచ్చి తగ్గుతుంటే అది రోగమే కాకపోవచ్చు. గది వెలుతురును బట్టి తెరను సర్దే ఏర్పాటు, సెన్సరు ఉన్న యంత్రాలలో, 2009 నాటి విండోస్ 7 నుండీ ఉన్నది. ఇంటెల్, ఎ.ఎం.డి. డ్రైవర్లు సైతం బ్యాటరీ పొదుపు కొరకు తెరపై బొమ్మను బట్టి దీపాలను తగ్గిస్తాయి, ఎ.ఎం.డి. వారు దీనికి 'వేరీ-బ్రైట్' అని పేరు పెట్టారు. కంటికి కుదుపు తెలియకుండా ఆ మార్పు మెల్లగా జరుగుతుంది. అక్కరలేనివారు ఆపివేయవచ్చు. ఛార్జరు తగిలించగానే ఈ జాడ్యం మాయమైతే, ముందుగా చూడవలసినది ఈ పొదుపు ఏర్పాటునే. మసక తెరపై ఉర్దూ నుక్తాలూ తెలుగు వొత్తులూ ఒకే తీరున కరగిపోతాయి గనుక, మన కళాశాలలో ఈ ఇబ్బంది ఉభయ భాషల వారికీ సమానమే.

తెర నిజంగా చెడిన సందర్భాలు లేకపోలేదు. మినుకుమినుకుమనడం, ఒక అంచు చీకటి కావడం, మూత కదిలిస్తే వెలుగు మారడం అందుకు గుర్తులు. అప్పుడు దుకాణానికి పోక తప్పదు. పోయినవారు తెర ధర అడగడానికి ముందు, డ్రైవరు చూశారా అని అడగాలి. ఈ పరీక్షను ప్రథమ సంవత్సరం విద్యార్థులకు కంప్యూటర్ ప్రయోగశాలలో ఒక గంట వెచ్చించి చేసి చూపవలసిందిగా మా అధ్యాపకులను కోరుతున్నాము.