గేటు ముందటి వాలు

ఇల్లు కట్టుకొన్నవాడు కట్టకడపట చేయించు పని గేటు ముందటి ర్యాంపు. గోడలు లేచి, రంగులు పూసి, గృహప్రవేశ ముహూర్తము సమీపించిన పిమ్మట, మిగిలియున్న రెండు మూడు బస్తాల సిమెంటును, మూలనున్న ఇసుకను, కంకరను కలిపి మేస్త్రి ఒక పూటలో దానిని ముగించును. ఇటీవల మా వీథిలో అట్టి పనిని నిలిచి చూచితిని. గేటు మొదలుకొని కాలిబాట మీదుగా, సైడు కాలువపై పలకను దాటి, తారురోడ్డు అంచు వరకు కాంక్రీటు పరచి, అది ఇంకను పచ్చిగా నుండగానే తడిపిన తాడును అడ్డముగా అద్ది, బండి చక్రములు జారకుండుటకై వరుసగా గీతలు తీర్చిరి. మరునాడు గోనెసంచులు కప్పి, వారము దినములు తప్పక నీళ్లు పోసిరి. పనితనములో లోపమేమియు లేదు. లోపమంతయు దానిని పోసిన చోటులోనే యున్నది.

ఇంటికిని వీథికిని నడుమనుండు ఎత్తుపల్లముల భేదము ఇంటివాని అవసరము; దానిని సర్దుకొనవలసిన నేలయు అతని ప్రహరీ లోపలిదే కావలెను గాని బాటసారిది కారాదు. గేటు రోడ్డుకంటె ఒక అడుగు ఎత్తున నున్నదనుకొందము. చక్రాల కుర్చీ నిరపాయముగా ఎక్కదగిన వాలు పన్నెండింట ఒకటి గనుక, ఆ ఎత్తునకు పన్నెండడుగుల నిడివి కావలెను. గేటు వెలుపల దొరకునది మూడు నాలుగడుగులు మాత్రమే. అంత నిటారు వాలును కారు ఎక్కగలదు. కాని కాలిబాటపై పోవువాడు ఆ వాలును ఎక్కువాడు కాడు, దానికి అడ్డముగా నడచువాడు. ఒక పాదము మిట్టను, ఒక పాదము పల్లమున పడి చీలమండ మెలితిరుగును. చక్రాల కుర్చీ ముందరి చిన్న చక్రములు కూర్చున్నవారి ప్రయత్నమును మీరి పల్లమువైపునకే, అనగా వాహనములు పోవు దిక్కునకే, తిరుగును. ఇరువది గేట్లున్న వీథిలో ఇట్టి గండములు ఇరువది. జనులు కాలిబాట నుండగా రోడ్డుపై ఏల నడచుచున్నారని గద్దించువారు, చంక నొక బిడ్డను, చేత నొక సంచిని పట్టుకొని ఆ ఇరువది గేట్లను ఒక్కమారు దాటి చూడవలెను.

ఈ విషయమున శాస్త్రమును చట్టమును మౌనముగా లేవు. నివాస ప్రాంతములలో కాలిబాటకు అడ్డంకి లేని వెడల్పు 1.8 మీటర్లకు తగ్గరాదనియు, దాని ఎత్తు 150 మిల్లీమీటర్లకు మించరాదనియు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 నాటి మార్గదర్శకములలో చెప్పినది. నిరాటంకమైన కాలిబాటపై నడచుట రాజ్యాంగము 21వ అధికరణము ప్రసాదించిన జీవనహక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మే 14న స్పష్టపరచినది. అయినను ఒక ధర్మాసనము ఢిల్లీలో పలికిన మాట మన వీథి మలుపు వరకు వచ్చుటకు మునిసిపాలిటీ కాళ్లే కావలెను.

ఇంటివాని పక్షమున చెప్పదగిన మాటయు కలదు, అది బలమైనది. అతడు గేటును ఎత్తించుట ఆడంబరమునకు కాదు, వాననీటి భయమునకు. పాత తారును గీకి తీయక, దాని మీదనే కొత్త పొర పరచుట మన పట్టణములలో అలవాటైనది. పొర యొక్కటికి 40 మిల్లీమీటర్లు చొప్పున లెక్కించినను ఐదు పొరలకు 200 మిల్లీమీటర్లు, అనగా సుమారు ఎనిమిదంగుళములు, రోడ్డు పైకి లేచును. ముప్పదియేండ్ల క్రిందట రోడ్డుకంటె మెట్టుగా నుండిన ఇల్లు నేడు గుంటలో పడును. దానిని చూచి, కొత్తగా కట్టుకొనువాడు ముందుచూపుతో రెండడుగులు లేపును. ఆ రెండడుగులకు ర్యాంపు వీథిలోనికి చాచుకొనును. ర్యాంపు క్రింద కాలువ మూసుకొనును. పూడిక తీయవచ్చిన పారిశుద్ధ్య కార్మికునికి పార దూర్చు సందైనను దొరకదు. వానకాలమున ఆ నీరే ఎగువ ఇండ్లలో జొరబడును. భయమునకు చేసిన ఉపాయమే భయకారణమై తిరిగి వచ్చుచున్నది. కనుక ర్యాంపులను పగులగొట్టించుటకు ముందు, పాత పొరను తీయనిదే కొత్త రోడ్డు వేయరాదను నియమమును మునిసిపాలిటీ తానే పాటించి చూపవలెను.

తరువాతి మార్గము కష్టమైనది కాదు. ఇంటి ప్లానును మంజూరు చేయునప్పుడే గేటు మట్టమును, ర్యాంపు మొదలును తుదియును అందులో గుర్తింపవలెను. కాలిబాట గేటు ముందు కూడ తన మట్టముననే సాగిపోవలెను. బండి ఎక్కుటకు కావలసిన వాలు రోడ్డువైపు అంచున, రెండడుగుల లోపల, ముగియవలెను. మిగిలిన ఎత్తు ఇంటి ఆవరణలో సర్దుకొనవలెను. చెట్టున్న చోట మొదలు చుట్టును ఒక మీటరు నేలను కాంక్రీటు సోకకుండ విడువవలెను. ఢిల్లీలో చెట్ల మొదళ్ల చుట్టును అంతమేర కాంక్రీటును తొలగింపుమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించినది.

ఇరువదియేండ్ల క్రిందట మా గేటు ముందును నేనే ఇట్టి ర్యాంపు వేయించితిని. మా అమ్మ మోకాళ్లకు శస్త్రచికిత్స జరిగి, వాకరు పట్టుకొని సందు చివరి గుడికి బయలుదేరిన నాటి సాయంకాలము వరకు దాని దోషము నా కంటబడలేదు. ఆ వాకరు నాలుగు కాళ్లలో రెండే నేలనాని, తక్కిన రెండును గాలిలో నిలిచినవి. గేటు మట్టమును దించి, ఎనిమిదంగుళముల ఎత్తును లోపలి పదడుగుల ఆవరణలో సర్దితిమి; కారు మునుపటికంటె సుఖముగానే ఎక్కుచున్నది. బయటి ర్యాంపును పగులగొట్టుటకు ఇద్దరు కూలీలకు రెండు దినములు పట్టినది. దాని అడుగున పాత కాలిబాట షాబాదు బండలు, ఒకటి రెండు తప్ప, చెక్కుచెదరక బయటపడినవి. ఇప్పుడు మా అమ్మ వానిమీద నెమ్మదిగా, తిన్నగా నడచును. పక్క గేటు రాగానే ఆగి, వెనుక బండ్లేమైన వచ్చుచున్నవేమో చూచుకొని, వాకరుతో రోడ్డుమీదికి దిగును.