నోటీసు చేతికి రావలెను

పన్ను కట్టుట మన విధి. ఎగవేయువానిని మన సంఘము ఎన్నడును వెనుక వేసికొనదు. కాని వసూలు చేయువారికిని విధి యొకటి కలదు.

జి.ఎస్.టి. 2017 జూలై 1న వచ్చినది. ఆ చట్టము 169వ సెక్షను ప్రకారము నోటీసును మనిషిచేత గాని, తపాలాలో గాని, ఈమెయిలులో గాని, పోర్టలులో గాని అందజేయవచ్చును. అధికారికి పోర్టలు సులువు. సోలాపూరులోనో సేలములోనో మగ్గము విడువని చిన్న వ్యాపారి దాని నెప్పుడు చూచును? లెక్కలు వ్రాయు గుమాస్తా నెలకొకమారు తెరచును. ఈలోగా గడువు దాటి ఉత్తరువు వెలువడును. బ్యాంకు ఖాతా స్తంభించిన నాడు గాని సంగతి తెలియదు. నూలు కొనుటకు, కూలి ఇచ్చుటకు ఆ ఖాతాయే ఆధారము!

వ్యతిరేకముగా తీర్పు చెప్పదలచినచో, మన మడుగకున్నను, మన మాట వినుటకు అవకాశ మీయవలెనని 75వ సెక్షను చెప్పుచున్నది. నోటీసే చూడనివానికి ఆ హక్కు కాగితము మీదిదే. ఇట్టి ఉత్తరువులను మద్రాసు హైకోర్టు పలు కేసులలో పునర్విచారణకు పంపినది. కాని హైకోర్టు మెట్లెక్కు ఖర్చు చిన్నవాడు భరింపగలడా?

కనుక మా కోరిక ఒక్కటే. పోర్టలుకు జవాబు రానిచో, ఉత్తరువుకు ముందు రిజిస్టరు తపాలాలో, ఆ రాష్ట్రపు భాషలో మరియొక నోటీసు పంపవలెను.

మన పని మనమును చేయుదము. సభ్యుల పోర్టలు వారమువారము చూచి చెప్పుటకు ప్రతి సంఘము ఒకరిని నియమింపవలెను. అప్పీలు గడువు మూడు నెలలే. వివాదములోనున్న పన్నులో 10 శాతము ముందుగా కట్టవలెను.

పోగు తెగినచోట మనము ముడి వేయుదుము గాని పడుగంతయు కోసివేయము. అధికారులును అట్లే చేయుదురు గాక.