కృష్ణానగర్ సందులోకి 5జీ ఎందుకు రాదు?

అమీర్‌పేటలో కోచింగ్, కృష్ణానగర్‌లో హాస్టల్. మీలో చాలామంది బతుకు ఈ రెండింటి మధ్యే తిరుగుతోంది కదా! మెయిన్‌రోడ్డు మీద ఫోన్‌లో 5జీ గుర్తు దర్జాగా ఉంటుంది. సందులోకి తిరిగి, గదిలో ఆన్‌లైన్ ఇంటర్వ్యూకి కూర్చునేసరికి అది మాయం. ఎదుటివాళ్లు అడిగిన ప్రశ్న సగమే వినపడుతుంది. కంపెనీని తిట్టుకునే ముందు, ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన వివర్తనం పాఠాన్ని ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

మలుపు అవతల ఎవరైనా పిలిస్తే మనిషి కనపడడు, కేక మాత్రం వినపడుతుంది. గొంతు తరంగదైర్ఘ్యం మీటరుకు అటూఇటూ ఉంటుంది. కాంతిది మిల్లీమీటరులో సుమారు రెండు వేలో వంతు. తరంగదైర్ఘ్యం ఎంత పెద్దదైతే, అడ్డంకి అంచు దగ్గర అంత ఎక్కువగా వంగుతుంది. ఫోన్ సిగ్నల్‌కూ ఇదే సూత్రం.

లెక్క వేసి చూద్దాం. 700 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 43 సెంటీమీటర్లు, 3.5 గిగాహెర్ట్జ్‌ది 8.6, 26 గిగాహెర్ట్జ్‌ది సుమారు 1.15. మీ గది కిటికీ మూడడుగులు అనుకోండి. పాఠంలోని ఒంటి చీలిక సూత్రం ప్రకారం మొదటిది రెండు పక్కలకూ 28 డిగ్రీల దాకా విచ్చుకుంటుంది. రెండోది 5 డిగ్రీలు దాటి కొంచెం. మూడోది ఒక్క డిగ్రీ కూడా కాదు, దాదాపు టార్చిలైటే! నిజం చెప్పాలంటే ఇరుకు సందుల్లో గోడల మీద పడి తిరిగొచ్చే సిగ్నల్ పాత్ర కూడా పెద్దదే. కాంక్రీటు మింగేసేది వేరే. మూడూ కలిసే మిమ్మల్ని ఏడిపిస్తాయి.

మరి 700 అంత మంచిదైతే అందరూ ఎగబడి కొనాలి కదా? 2016 వేలంలో ఒక్కరూ కొనలేదు. దేశం మొత్తానికి మెగాహెర్ట్జ్‌కు రూ.11,485 కోట్లని కనీస ధర పెట్టారు మరి! 2021లోనూ అదే కథ. 2022లో ధర రూ.3,927 కోట్లకు దించాకే జియో 22 సర్కిళ్లలోనూ 10 మెగాహెర్ట్జ్ చొప్పున తీసుకుంది. ఎయిర్‌టెల్ దాని జోలికి పోలేదు. అయితే 10 మెగాహెర్ట్జ్ అంటే సన్న పైపు. లోపలిదాకా వస్తుంది కానీ ఎక్కువ డేటా మోయలేదు. అసలు వేగం 3.3 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఉంది, అక్కడ జియోకు సర్కిల్‌కు కనీసం 100 మెగాహెర్ట్జ్ దొరికాయి. వేగం కావాలంటే వంగదు, వంగేదానికి వేగం తక్కువ. ఈ చిక్కును ధరతో విప్పలేం.

మిగిలిన దారి, చిన్న యాంటెన్నాలను సందుల్లోకే తేవడం. వీధి స్తంభాల మీద వాటిని పెట్టుకునేలా 2022 ఆగస్టులోనే నిబంధనలు సవరించారు. ఈసీఈ చదివినవాళ్లు గమనించాల్సింది ఇక్కడే. ఎక్కడ పెడితే ఏ గదికి అందుతుందో కొలిచి చెప్పేది ఆర్ఎఫ్ ఇంజినీరే. ఇంటర్వ్యూలో '5జీ అంటే వేగం' అని ఆగిపోకండి, ఏ బ్యాండ్ ఎందుకో చెప్పండి.

ఈలోగా మీ ఇంటర్వ్యూ సంగతి. ముందురోజు అదే సమయానికి, అదే గదిలో వీడియో కాల్ చేసి చూడండి. తెగిపోతుంటే కిటికీ దగ్గరికి జరగండి, లేదా డాబా ఎక్కండి. హాస్టల్‌వాళ్లు తిడితే పడండి.