మూడు రోజుల్లో వెనిస్

ప్రయాణమనగానే మనవారి మనస్సులో మొదట మెదిలేది చూడవలసిన స్థలాల పట్టిక. తిరిగి వచ్చిన తరువాత ఇరుగుపొరుగువారు అడిగేదీ ‘ఎన్ని చూశారు?’ అనే. వెనుకటి తరంలో ఆ పట్టికలో కాశీ, ప్రయాగ, రామేశ్వరం ఉండేవి. ఇప్పుడు పారిస్, రోమ్, వెనిస్ కూడా చేరినవి. హనుమకొండ, కాజీపేటల నుంచి, వాటి చేరువలోని మా ధర్మసాగర్ వంటి ఊళ్ళ నుంచి కూడా ఉన్నత విద్య కోసం జర్మనీకి, బ్రిటన్‌కు వెళ్ళిన యువతీ యువకులున్నారు. వరుసగా నాలుగు రోజులు సెలవు దొరికితే చాలు, మూడు నగరాలను ఒకే దండగా గుచ్చి చుట్టి వస్తున్నారు. ఇక్కడి నుంచి బయలుదేరే కుటుంబాలు పన్నెండు రోజుల్లో ఏడెనిమిది దేశాలు చూపించే బృందయాత్రలను ఎంచుకొంటున్నవి. చదువులు పూర్తయిన తరువాత మీలో కొందరికైనా అటువంటి అవకాశం రాకపోదు. అప్పటికి పనికివస్తుందని ఒక మాట చెప్పదలచాను. స్వల్పకాల యాత్రలో దేనిని విడిచిపెట్టాలో ఇంటి దగ్గరే నిర్ణయించుకొన్నవారు మాత్రమే ఏదో ఒకదానిని నిజంగా చూడగలుగుతారు. ఉదాహరణకు వెనిస్ నగరాన్ని, మూడు రోజుల వ్యవధిని తీసుకొంటాను.

వెనిస్‌నే ఎంచుకోవడానికి కారణముంది. ఓరుగల్లుకూ ఆ నగరానికీ ఏడు వందల ఏళ్ళ నాటి పరిచయం ఉన్నది. వెనిస్ వర్తక కుటుంబానికి చెందిన మార్కోపోలో 1271లో తండ్రితో, తండ్రి సోదరునితో కలిసి తూర్పు దేశాలకు బయలుదేరి, చైనాలో కుబ్లయ్ ఖాన్ కొలువులో చాలాకాలం గడిపి, 1295లో ఇల్లు చేరాడు. 1298లో జెనోవా నగరంలో బందీగా ఉన్నప్పుడు తన అనుభవాలను రుస్తిచెల్లో అనే రచయితకు చెప్పి వ్రాయించాడు. ఆ గ్రంథంలో కాకతీయ రాజ్యం కూడా కనిపిస్తుంది. మోటుపల్లి రేవును ఆయన ‘ముత్ఫిలి’ అన్నాడు. అక్కడి వజ్రాలను వర్ణించాడు. సాలెగూడు వలె పలుచనైన నూలు వస్త్రాలను మెచ్చుకొన్నాడు. ఆ రాజ్యాన్ని ధర్మబుద్ధి గల ఒక రాణి పాలిస్తున్నదని ప్రశంసించాడు. ఆమె పేరు చెప్పలేదు కానీ ఆ రాణి మన రుద్రమదేవి అని చరిత్రకారులు గుర్తించారు.

అయితే అదే చోట ఒక పొరపాటు కూడా దొర్లింది. ఆమె మరణించిన రాజుకు భార్య అని మార్కోపోలో వ్రాశాడు. రుద్రమదేవి గణపతిదేవ చక్రవర్తి కుమార్తె అనీ, ఆమె భర్త నిడదవోలు చాళుక్య వంశానికి చెందిన వీరభద్రుడనీ ఇక్కడి పాఠశాల విద్యార్థికి కూడా తెలుసు. వజ్రాల విషయంలోనూ అంతే. పాములు నిండిన లోయలోకి మాంసఖండాలు విసిరితే, వాటికి వజ్రాలు అంటుకొంటాయనీ, గ్రద్దలు ఆ మాంసాన్ని పైకి తెస్తాయనీ ఆయన చెప్పిన కథ సింద్‌బాద్ కథలలోనూ ఉన్నది. రేవులో ఎవరో చెప్పి ఉంటారు, ఆయన విన్నాడు. మరి వస్త్రాల గురించి చెప్పిన మాట మాత్రం ఎందుకు నిలిచింది? ఆయన వర్తకుడు. బట్టను చేతితో తాకి చూసి విలువ కట్టడం తెలిసినవాడు. తనకు తెలిసిన కంటితో చూసిన దానిని సరిగా చెప్పాడు. దారిన పోతూ విన్న దానిని తప్పుగా చెప్పాడు. ఇరవై నాలుగేళ్ళు తిరిగిన మహా యాత్రికునికే ఈ గతి పట్టినప్పుడు, ఉదయం పది గంటలకు దిగి సాయంకాలం ఆరు గంటలకు రైలెక్కే యాత్రికుని మాట చెప్పేదేమున్నది!

నేటి వెనిస్‌కు వచ్చేవారిలో ఎక్కువమంది అటువంటివారే. సరస్సులో చెదరిన నూటికి పైగా చిన్న దీవులను నాలుగు వందలకు పైగా వంతెనలు కలిపితే ఏర్పడిన నగరమది. అందులో మోటారు వాహనాలు లేవు. 1951 ప్రాంతంలో ఆ పాత నగరంలో సుమారు 1,75,000 మంది నివసించేవారు. 2022 నాటికి వారి సంఖ్య 50,000 కంటె దిగువకు పడిపోయింది. మరోవైపు ఏటా కోట్ల సంఖ్యలో సందర్శకులు వస్తున్నారు. ఇళ్ళు విడిది గృహాలుగా మారినవి. కూరగాయల అంగడి పోయి ముఖానికి తొడుగుకొనే బొమ్మలు అమ్మే దుకాణం వచ్చింది. ఊరివారు ఊరు విడిచి ప్రధాన భూభాగంలోని మెస్త్రెకు తరలిపోయారు. 2021 ఆగస్టు నుంచి భారీ విహార నౌకలు నగరం నడిబొడ్డు మీదుగా పోవడాన్ని ఇటలీ ప్రభుత్వం నిషేధించింది. 2024లో మరొక అడుగు ముందుకు వేసి, రాత్రి బస చేయకుండా పగటిపూట మాత్రమే వచ్చిపోయేవారికి, రద్దీగా ఉండే కొన్ని రోజులలో 5 యూరోల ప్రవేశ రుసుము విధించారు. 2025లో అటువంటి రోజుల సంఖ్యను 54కు పెంచి, ఆలస్యంగా నమోదు చేసుకొన్నవారి దగ్గర 10 యూరోలు వసూలు చేశారు. నగరంలో బస చేసేవారికి ఈ రుసుము లేదు.

దీనిని విన్నప్పుడు నాకు మోటుపల్లి శాసనం గుర్తుకు వస్తుంది. తుఫానుకు గురై ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకునంతా పూర్వపు రాజులు స్వాధీనం చేసుకొనేవారు. ఆ పద్ధతిని రద్దు చేసి, నిర్ణీతమైన సుంకం మాత్రమే తీసుకొంటామని గణపతిదేవుడు 1244లో విదేశీ వర్తకులకు అభయమిచ్చాడు. అతిథిని రప్పించుకోవడానికి ఓరుగల్లు ప్రభువు సుంకాన్ని తగ్గించాడు. అతిథులు ఎక్కువై వెనిస్ రుసుము పెంచింది. వెనిస్ చేసినది అన్యాయమని నేను అనను. కానీ విమానానికి, రైలుకు వందల యూరోలు వెచ్చించి వచ్చినవాడు ఐదు యూరోలకు వెనుదిరుగుతాడా? రుసుము వలన పురపాలక సంఘానికి ఆదాయం రావచ్చు. రద్దీ తగ్గడమనేది యాత్రికుడు తన ప్రణాళికను మార్చుకొంటేనే సాధ్యమవుతుంది.

ఇందుకు ఎదురుమాట లేకపోలేదు. ‘జీవితంలో ఒక్కసారి పోతాము. లక్షలు ఖర్చవుతాయి. నాలుగు నగరాలు చూడగలిగినప్పుడు ఒక్కదానితో ఎందుకు తృప్తిపడాలి?’ అని అడిగేవారున్నారు. అప్పు చేసి పిల్లలను చదివించిన తల్లిదండ్రులు మొదటిసారి విమానమెక్కినప్పుడు ఈ ప్రశ్న మరింత న్యాయంగా వినిపిస్తుంది. దానిని తోసిపుచ్చలేము. కానీ లెక్క మరొక విధంగా వేసి చూడండి. నాలుగు రోజుల్లో మూడు నగరాలంటే రెండు పగళ్ళు రైళ్ళలో, విమానాశ్రయాలలో గడుస్తాయి. ప్రతిచోటా సామాను దాచే గదికి, కొత్త ఊరి వాహనాలకు, తెలియక కొన్న టిక్కెట్లకు డబ్బు పోతుంది. వేయి స్తంభాల గుడి ముందు బస్సు దిగి, నంది దగ్గర ఫొటో తీసుకొని, ఇరవై నిమిషాల్లో మళ్ళీ బస్సెక్కే బృందాలను హనుమకొండవారు రోజూ చూస్తూనే ఉంటారు. వారు ఓరుగల్లును చూశారని మనం ఒప్పుకొంటామా? మరి మనం అక్కడికి పోయి అదే పని చేస్తే వెనిస్‌వారు మాత్రం ఎందుకు ఒప్పుకోవాలి?

ప్రణాళిక వేయడం మనకు కొత్త విద్య కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో దాదాపు వందమంది పరివారంతో కాశీకి బయలుదేరి, పదిహేను నెలలు ప్రయాణించాడు. ఆయన వ్రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’లో ఏ మజిలీలో మంచినీరు దొరుకుతుంది, ఏ ఊరిలో అంగళ్ళున్నాయి, ఏ బాట బండ్లకు పనికివస్తుంది అనే వివరాలు నిండి ఉన్నాయి. నీరు, నీడ, బాట – ఈ మూడింటినీ ముందుగా తెలుసుకొన్న తరువాతనే గుళ్ళు, గోపురాలు. వెనిస్‌కూ ఇదే క్రమం సరిపోతుంది.

మొదట బాట. జర్మనీ వంటి షెంజెన్ దేశంలో చదువుతున్నవారు తమ నివాస అనుమతితోనే ఇటలీకి పోయి రావచ్చు. బ్రిటన్‌లో ఉన్నవారికి ఆ సౌకర్యం లేదు. ప్రత్యేకంగా వీసా పొందాలి. ఇక్కడి నుంచి వెళ్ళేవారు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. కనీసం 15 రోజుల వ్యవధి తప్పనిసరి. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా కూడా ఉండాలి. హైదరాబాదు నుంచి వెనిస్‌కు నేరుగా విమానం లేదు కాబట్టి చేరిన రోజును చూసే రోజుగా లెక్కించకూడదు. జూలై, ఆగస్టు నెలలు ఎండకు, జనసమ్మర్దానికి పేరుపడినవి. అక్టోబరు నుంచి జనవరి వరకు పోటు ఎక్కువైనప్పుడు వీధులలోకి నీరు వస్తుంది. నన్నడిగితే మార్చి మేలు.

తరువాత నీడ. మెస్త్రెలో గది అద్దె తక్కువ. అక్కడి నుంచి రైలులో పది నిమిషాల్లో వెనిస్ చేరవచ్చు. అయినా ఒక్క రాత్రయినా దీవిలోనే బస చేయడం మంచిదని నా అభిప్రాయం. పగటి జనం వెళ్ళిపోయిన తరువాత, తెల్లవారి మళ్ళీ రాకముందు, ఆ నగరం కొద్దిసేపు దాని నివాసులకు దక్కుతుంది. ఆ కొద్దిసేపే చూడదగినది. గొండోలా పడవలో అరగంట విహారానికి 2023 చివరి నుంచి 90 యూరోలు. నలుగురైదుగురు కలిసి పంచుకొంటే తప్ప విద్యార్థులు దాని జోలికి పోనక్కరలేదు. ఆ ఊరిని నడిచే చూడవచ్చు.

ఇక నీరు. ధర్మసాగర్ విద్యార్థి వెనిస్‌లో అన్నిటికంటె ముందు అడగవలసిన ప్రశ్న ఇదేనని నాకు అనిపిస్తుంది. చుట్టూ నీరున్నా అది ఉప్పునీరు. మరి వారు తాగినదేమిటి? ప్రతి చిన్న మైదానంలోనూ చెక్కడపు రాతితో కట్టిన బావి ఒరలు కనిపిస్తాయి. అవి మన బావుల వలె నేలలోని ఊటను అందించేవి కావు. లోతుగా గొయ్యి తవ్వి, ఉప్పునీరు చొరకుండా చుట్టూ జిగటమన్ను మెత్తి, లోపల ఇసుక నింపి, నడుమ ఇటుకలతో బావి కట్టేవారు. మైదానంలో పడిన వర్షపు నీరు రాతి రంధ్రాల ద్వారా దిగి, ఇసుకలో వడగట్టుకొని, ఆ బావిలోకి చేరేది. 1884లో గొట్టాల ద్వారా మంచినీరు వచ్చేవరకు ఆ నగరం దాహం తీర్చినవి ఇటువంటి వేలాది బావులే. ఇప్పుడు వాటికి లోహపు మూతలు బిగించారు. సందర్శకులు వాటిపై ఆనుకొని ఫొటోలు తీసుకొంటారు. అవి ఏమిటని అడిగేవారు తక్కువ.

వాన నీటిని చెరువులలో నిలిపి బ్రతికిన నేల మనది. రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు అలా పుట్టినవే. మా ధర్మసాగర్ జలాశయానికి నేడు దేవాదుల ఎత్తిపోతల ద్వారా గోదావరి జలాలు కూడా వస్తున్నవి. తూము, కట్ట, మత్తడి అనే మాటలు తెలిసిన విద్యార్థికి ఆ బావి రహస్యం ఇట్టే బోధపడుతుంది. సముద్రపు పోటును అడ్డుకోవడానికి సరస్సు ముఖద్వారాల వద్ద నిర్మించిన 78 గేట్ల వ్యవస్థ కూడా అటువంటిదే. వరదకు ఎదురుగా దానిని మొదటిసారి 2020 అక్టోబరు 3న ఎత్తారు. మన గేట్లు ఎత్తితే నీరు బయటకు పోతుంది. అక్కడ గేట్లు లేస్తే సముద్రం లోపలికి రాదు. పునాదుల సంగతీ అంతే. రామప్ప శిల్పులు 1213 నాటి ఆలయాన్ని ఇసుక నింపిన పునాదిపై నిలిపారు. 1591లో పూర్తయిన రియాల్టో వంతెనను వెనిస్‌వారు బురదలో దిగగొట్టిన వేలాది కొయ్య దుంగలపై నిలిపారు. వెనిస్‌కు 1987లో, రామప్పకు 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది. వర్తకుని కంటికి వస్త్రం తెలిసినట్టే, చెరువు గల ఊరి కంటికి నీటి పనులు తెలుస్తాయి. అందుచేత రామప్పను చూడకుండా రియాల్టోకు పోవద్దని గట్టిగా చెబుతాను.

ఇంత అనుకొన్న తరువాత మూడు రోజులను పంచుకోవడం కష్టం కాదు. మొదటి రోజు చేరడం, సాయంకాలం గమ్యం లేకుండా నడవడం. రెండవ రోజు తెల్లవారుజామున సెయింట్ మార్క్ చౌరస్తా. తరువాత అక్కడి చర్చి, పాలకుల ప్రాసాదం – ఈ రెండింటిలో ఒక్కటే. చర్చి అయితే, 1204లో కాన్‌స్టాంటినోపుల్‌ను కొల్లగొట్టి తెచ్చిన నాలుగు కంచు గుర్రాలను లోపలి ప్రదర్శనశాలలో చూడండి. బయట నిలిపినవి నకళ్ళు. గాజు పనులకు పేరొందిన మురానో, రంగుల ఇళ్ళ బురానో దీవులను విడిచిపెట్టండి. బాధగానే ఉంటుంది. మురానోకు పోయి వచ్చిన మిత్రులు తరువాత ఎత్తిపొడుస్తారు కూడా.

మూడవ రోజు ఉదయం రియాల్టో చేపల అంగడి. ఊరివారు ఇంకా తమ కోసం సరుకులు కొనుక్కొనే చోట్లలో అదొకటి. అక్కడి నుంచి వంతెన దాటి కొద్ది దూరం నడిస్తే మాలిబ్రాన్ నాటకశాల వస్తుంది. మార్కోపోలో కుటుంబీకుల ఇళ్ళు ఆ స్థలంలోనే ఉండేవి. 1596లో అవి అగ్నికి ఆహుతైనవి. 1881లో గోడకు అమర్చిన ఒక శిలాఫలకం ఆ సంగతి చెబుతుంది. వెనుకనున్న చిన్న ముంగిళ్ళకు ఆయన గ్రంథం పేరుతోనే ‘మిలియోన్’ అనే పేరు నిలిచింది. అక్కడ టిక్కెట్టు లేదు, వరుస లేదు. రుద్రమదేవిని గురించి ఐరోపాకు మొదట చెప్పిన మనిషి నివసించిన చోట పది నిమిషాలు కూర్చోవచ్చు. శాంతా లూచియా రైలు స్టేషనుకు అక్కడి నుంచి అరగంట నడక.