ముట్లుడుగు ప్రాయము: హార్మోను చికిత్సపై మారిన తీర్పు

2025 నవంబరు 10వ తేదీన అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ ఒక ప్రకటన చేసినది. ముట్లుడిగిన స్త్రీల కిచ్చు హార్మోను మందులపై 2003 నుండి నల్లగీతల చట్రములో అచ్చగుచున్న తీవ్రహెచ్చరికలో అధికభాగమును తొలగింపనున్నామని దాని సారాంశము. గుండెజబ్బు, రొమ్ము క్యాన్సరు, మతిభ్రంశము అను మూడు భయములును ఆ చట్రమునుండి వెలుపలికి పోవును. గర్భాశయమున్న స్త్రీ ఈస్ట్రొజెన్‌ను ఒంటరిగా వాడినచో గర్భాశయపు లోపొరకు క్యాన్సరు రావచ్చునన్న హెచ్చరిక మాత్రము నిలుచును. వార్త చిన్నదిగానే కనబడును. కాని ఒకే మందును అమృతమనియు, విషమనియు, మరల అమృతమనియు లోకము పలికిన వింతకథలో ఇది కడపటి ఘట్టము.

ముట్లుడుగుట వ్యాధి కాదు. నడివయస్సున అండాశయములు తమ పనిని చాలించును. రక్తములో ఈస్ట్రొజెన్ తగ్గును. శరీరపు వేడిని అదుపులో నుంచు మెదడు భాగము ఆ తగ్గుదలకు కలతచెంది, స్వల్పమైన ఉష్ణభేదమునకే ఒంటిని చల్లార్చుటకు పూనుకొనును. ఒక్కసారిగా సెగలు, చెమటలు, నిదురలేని రాత్రులు దాని ఫలితములు. పాఠము నడుమ మొగము కందిపోయి కొంగుతో తుడుచుకొను ఉపాధ్యాయినిని చూచి పిల్లలు, ఆమెకు కోపము వచ్చినదనుకొందురు. ఇంటనున్నవారును అట్లే అనుకొందురు. ఈ బాధ నాలుగునాళ్ళది కాదు. ఇది తఱచుగా కలుగు స్త్రీలలో సగటున ఏడేండ్లకు పైగా నిలుచునని అమెరికాలో 2015లో వెలువడిన దీర్ఘపరిశీలన తెలిపినది. ఎముకలు పెళుసుబారుట, మూత్రమార్గపు మంట, యోనిలో పొడిదనము వేఱుగా నుండును.

పోయిన ఈస్ట్రొజెన్‌ను బయటినుండి ఇచ్చుటయే ఈ చికిత్సలోని తర్కము. చూలు గుఱ్ఱముల మూత్రమునుండి తీసిన ‘ప్రిమరిన్’ మాత్రలు 1942లో అమెరికాలో విపణికి వచ్చెను. 1966లో రాబర్టు విల్సన్ అను న్యూయార్కు వైద్యుడు, స్త్రీ నిత్యయౌవనముతో నుండవచ్చునని ఊరించు గ్రంథమును వ్రాసి లక్షలమందిని ఆకర్షించెను. ముట్లుడిగిన స్త్రీని లోపము గల ప్రాణిగా చిత్రించిన ఆ పుస్తకము వైద్యమని చెప్పుకొనెను గాని అందులో వ్యాపారమే ఎక్కువ. అతనికి ఔషధ సంస్థల ధనము అందిన సంగతి తరువాత బయటపడెను. 1975లో గర్భాశయపు క్యాన్సరుతో ఈస్ట్రొజెన్‌కు గల సంబంధము వెల్లడికాగా, గర్భాశయమున్నవారికి రక్షణగా ప్రొజెస్టెరోన్ జాతి మందును కూడ జతచేయసాగిరి.

అసలు పిడుగు 2002 జూలైలో పడినది. ‘విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్’ అను మహాపరిశోధనలో 16,608 మంది స్త్రీలలో కొందఱికి రెండు హార్మోనులు కలిసిన మాత్రను, కొందఱికి ఉత్తమాత్రను ఇచ్చిరి. రొమ్ము క్యాన్సరు పెరుగుచున్నదని కనుగొని, నిర్ణీతకాలమునకు ముందే దానిని ఆపివేసిరి. “క్యాన్సరు 26 శాతము పెరుగును” అని పత్రికలు ఘోషించినవి. లెక్కల ఉపాధ్యాయులు ఈ అంకె యెదుట కొంత నిలువదగును. ఉత్తమాత్ర మ్రింగినవారిలో ఏడాదికి పదివేలమందికి 30 మందికి క్యాన్సరు రాగా, మందు మ్రింగినవారిలో 38 మందికి వచ్చెను. ముప్పదికి ఎనిమిది చేరుట ఇంచుమించు ఆ 26 శాతమే. పదివేలలో ఎనిమిదియు నిజమే. ఒకటి గుండె గుభేలుమనిపించును, రెండవది ఆలోచింపజేయును. అదే పరిశోధనలో పక్షవాతము పదివేలకు ఎనిమిది పెరుగగా, తుంటియెముక విరుగుట ఐదు తగ్గినది; ఈ రెండవ అంకె పత్రికల శీర్షికలకు ఎక్కలేదు.

అంతకంటె పెద్ద సంగతి మఱొకటి కలదు. ఆ స్త్రీల సగటు వయస్సు 63 ఏండ్లు. మూడింట రెండువంతులు అరువది దాటినవారు. పెక్కుమందికి సెగల బాధయే ముఖ్యము కాదు. ముదిమిలో గుండెను ఈ మందు కాపాడునా అన్నది వారు వేసికొన్న ప్రశ్న. కాపాడలేదన్నది వచ్చిన జవాబు. ఆ జవాబును ఏబదవయేట రాత్రులు నిదురలేక అల్లాడు స్త్రీకి అంటగట్టిరి. త్రాసులో ఒకరిని కూర్చుండబెట్టి మఱొకరి బరువు చెప్పినట్లయినది. వైద్యులు మందు వ్రాయుట మానిరి, స్త్రీలు మాత్రలను పారవైచిరి. గర్భాశయము లేని 10,739 మందికి ఈస్ట్రొజెన్ ఒక్కటియే ఇచ్చిన రెండవ భాగములో పక్షవాతము పెరిగినను, రొమ్ము క్యాన్సరు పెరుగలేదని 2004లో తేలినది. కాని ఆ మాట వినుటకు అప్పటికి ఎవరికిని చెవులు లేవు. ఈ స్త్రీలనే పదునెనిమిదేండ్లు గమనించి 2017లో ప్రకటించిన ఫలితమును బట్టి, మందు వాడినవారిలోను వాడనివారిలోను మరణములు సమానముగానే యున్నవి.

అట్లని 2025 నాటి ఉత్సాహమును తలకెత్తుకొనుటయు తగదు. కొత్త ప్రకటన చేసిన అధికారులు చికిత్సను సమర్థించుటతో ఆగక, గుండెను మెదడును కాపాడు గుణమును గూడ దానికి ఆరోపించిరి. రోగనివారణకై ఈ హార్మోనులను వాడరాదని అమెరికాలోని నివారక వైద్యసేవల కార్యదళము 2022లో చెప్పియున్నది. అరువదియైదు దాటినవారిలో మతిభ్రంశము పెరిగినట్లు 2003లోనే చూపిరి. 2019లో ‘లాన్సెట్’ పత్రికలో వెలువడిన విశ్లేషణ ప్రకారము, ఏబదవయేట ప్రారంభించి రెండు హార్మోనులను ప్రతిదినము ఐదేండ్లు వాడిన ప్రతి 50 మందిలో, తరువాతి కాలమును కలుపుకొని ఇరువదియేండ్లలో, ఒకరికి అదనముగా రొమ్ము క్యాన్సరు వచ్చును. ఈస్ట్రొజెన్ ఒక్కటియే వాడినచో 200 మందిలో ఒకరికి వచ్చునని అది చెప్పగా, పైన చెప్పిన అమెరికా పరిశోధన దానితో ఏకీభవింపదు. పండితులే తగవులాడుచోట పెట్టెమీది అక్షరములు చెరిపినంత మాత్రమున సందేహము చెరిగిపోదు.

ఎవరి విషయమున త్రాసు ఎటు మొగ్గునో మాత్రము నేడు చాలవఱకు తెలియును. అరువది లోపు, లేక ముట్లుడిగి పదేండ్లు దాటనివారికి, సెగలు మిక్కుటముగా నున్నచో, లాభమే హెచ్చు. మాత్ర కంటె చర్మముపై అంటించు పట్టీయో, పూయు జెల్లో మేలని పలువురి అభిప్రాయము. అది ముందుగా కాలేయము గుండా పోదు గనుక రక్తము గడ్డకట్టు భయము తక్కువ. పొడిదనమునకు మాత్రమే యోనిలో వాడు స్వల్పమోతాదు లేపనము రక్తములో దాదాపు కలియదు. దానికిని అదే నల్లచట్రమును తగిలించుట మొదటినుండి అన్యాయమే. రొమ్ము క్యాన్సరు వచ్చినవారికి, పక్షవాతమో గుండెపోటో తగిలినవారికి, రక్తపుగడ్డల చరిత్ర గలవారికి, తీవ్రమైన కాలేయవ్యాధి యున్నవారికి సాధారణముగా ఈ మార్గము మూసియున్నట్లే. అట్టివారిలో కొందఱికై హార్మోను కాని ‘ఫెజోలినెటాంట్’ మాత్ర 2023లో అమెరికాలో అనుమతి పొందినది. అది మెదడులోని ఉష్ణనియంత్రణ స్థానముపై పనిచేయును. మరుసటియేట దానికిని కాలేయమును గూర్చిన నల్లచట్రపు హెచ్చరిక చేరినది.

ఈ చర్చ అంతయు ఏబది దాటిన పాశ్చాత్య స్త్రీని తలచుకొని సాగుచున్నది. మన దేశములో సహజముగానే ముట్లుడుగుట అంతకు నాలుగైదేండ్లు ముందు జరుగును. తెలుగునాట కథ ఇంకను వేఱు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను బట్టి, 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతట నూటికి మువ్వురు ప్రాంతము కాగా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఎనమండుగురు ప్రాంతము. నలువది నిండకమునుపే ఆ శస్త్రచికిత్సకు లోనైన వారు పల్లెలలో కొల్లలు. గర్భసంచిని మాత్రమే తీసినచో ముట్లు ఆగును గాని అండాశయములు కొంతకాలము పనిచేయుచునే యుండును. అండాశయములను గూడ తీసినచో, ఏండ్ల తరబడి మెల్లగా జరుగవలసినది ఒక్కరాత్రిలో జరుగును. ఎముకలకు, గుండెకు నష్టము అప్పటినుండియే మొదలగును. అట్టి స్త్రీకి, వేఱు అడ్డంకి లేనప్పుడు, సహజముగా ముట్లుడుగు వయస్సు వఱకైనను ఈస్ట్రొజెన్ ఇయ్యవలెనని వైద్యసంఘముల మార్గదర్శకములు చెప్పుచున్నవి. గర్భాశయము లేదు గనుక రెండవ హార్మోను అవసరము సాధారణముగా నుండదు; వివాదమునకు మూలమైన జంటమాత్రతో ఆమెకు పని లేదు. ముప్పదియైదవయేట ఆపరేషనై, ఎండలో కలుపు తీయుచు ఒంటిసెగలను ఎండదెబ్బ అనుకొను కూలి స్త్రీ, ఆసుపత్రి కాగితములో తన అండాశయములను ఉంచిరా తీసిరా అని ఎవరిచేతనైన చదివించుకొనవలసియున్నది. ఆ ఊరిలో చదివిపెట్టగలవారు ఉపాధ్యాయులే.