ఏటా చౌడు వేసే ఇల్లు

"ఇంగా మట్టి మిద్దెలోనే ఉండారా?"

చిప్పగిరి చుట్టుపక్కల సంబంధం మాట్లాడుకునేటప్పుడు పిల్ల తరఫువాళ్లు అడిగే ప్రశ్నల్లో ఇదొకటి. దాని వెనకాల ఒక లెక్క ఉంది. మట్టి మిద్దెకు ఏటా చాకిరీ తప్పదు, సిమెంటు స్లాబు ఒక్కసారి వేస్తే మళ్లీ పైకి చూడక్కర్లేదు. ఆదోని, ఆలూరు, ఎమ్మిగనూరు పల్లెల్లో దాదాపు అందరూ ఒప్పుకున్న లెక్క. నేను ఒప్పుకోను. తమ చేతులతో, తమ ఊరి మట్టితో బాగుచేసుకోగల ఇంటిని కచ్చా అంటున్నాం. ప్రతి పగులుకూ డబ్బు పెట్టి మనిషిని పిలవాల్సిన ఇంటిని పక్కా అంటున్నాం. ఇది తలకిందుల మాట.

మిద్దె ఎలా నిలుస్తుందో చూడండి. రాయి, మట్టి గోడల మీద దూలాలు, వాటి మీద దంతెలు, ఆపైన కట్టెలో బండలో పరిచి, ఆకు వేసి, మట్టి మెత్తుతారు. అన్నిటికీ పైన చౌడు. పైరు మొలవని చౌటి నేలలో తెల్లగా పొక్కి కనిపించే ఆ మట్టిలో సోడియం ఎక్కువ. తడి తగలగానే అందులోని బంక రేణువులు విడిపోయి, ఉబ్బి, సందులన్నీ మూసేస్తాయి. నీళ్లు లోపలికి దిగకుండా, వాటిని గోడ బయటికి వదిలే దోనె వైపు జారిపోతాయి. డబ్బాల్లో అమ్మే వాటర్‌ప్రూఫ్ రసాయనం చేసే పని ఇదే. చౌడు ఊరి పొలిమేరలో దొరుకుతుంది. ఖర్చల్లా తవ్వకం, బండి బాడుగ.

మృగశిర కార్తెకు ముందు రెండు మూడు రోజుల పని. మిద్దె మీద మొలిచిన గడ్డిని వేరుతో సహా పీకాలి, కోస్తే చాలదు. కుళ్లిన వేరు వదిలిన దారిలోనే నీళ్లు దిగుతాయి. ఎలుక బొక్కలు పూడ్చాలి. వెలుతురు కోసం కప్పులో వదిలిన గవాచి చుట్టూ కట్ట ఎత్తు చెయ్యాలి, చాలాసార్లు కారేది అక్కడే. తర్వాత పొడి చౌడు రెండు వేళ్ల మందాన, దోనె వైపు వాలు చెడకుండా పరచాలి. మొదటి వాన దాన్ని సర్దేస్తుంది. సుగ్గికి గుంటూరు వైపు మిరప కోతలకు పోయినవాళ్లు ఆపాటికి ఊళ్లోనే ఉంటారు. ఈ పనికి వాళ్లు ఎవరి దగ్గరా చెయ్యి చాచక్కర్లేదు. మిద్దె గొప్పతనం నాకు కనిపించేది ఇక్కడే.

"మరి వానలకు మిద్దెలు కూలి మనుషులు చచ్చిపోవడం లేదా?" అంటారు. చచ్చిపోతున్నారు. ఆ ప్రశ్నను దాటేసి మట్టిని పొగిడేవాళ్లతో నాకు పొత్తు లేదు. కానీ ఎందుకు కూలుతున్నాయి? మొదటి కారణం మన బద్ధకం. పాత చౌడు చెక్కకుండా దాని మీదే ఏటికేడు కొత్తది పోస్తాం. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న గది మీద రెండంగుళాల మట్టి అదనంగా చేరితే సుమారు 700 కిలోలు, తడిస్తే ఇంకా ఎక్కువ. చెదలు తిన్న దూలం అంత బరువు మోయలేదు. రెండో కారణం వీధి. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయి వీధిని గడపకంటే ఎత్తు చేశారు. వాననీళ్లు గోడ మొదట్లో నిలుస్తున్నాయి. మొదలు నానిన మట్టిగోడ ఎన్నాళ్లు నిలుస్తుంది? రెండిటికీ మందు ఉంది. ఆ మందు వదిలేసి జబ్బుకు మట్టినే తప్పుపడుతున్నాం.

స్లాబుకు మాత్రం జబ్బు లేదా? దాని లోపల ఇనుప కడ్డీ ఉంది. పగుళ్ల గుండా నీళ్లు చేరితే కడ్డీ తుప్పు పట్టి ఉబ్బుతుంది, కింది కాంక్రీటును పెచ్చులుగా రాలుస్తుంది. ఉప్పునీళ్ల బోరుతో కాంక్రీటు కలిపి, ఆ నీళ్లతోనే తడిపితే ఈ తుప్పు ఇంకా తొందరగా వస్తుంది. మా పడసాల పైన అదే జరిగింది. పన్నెండేళ్లకే కడ్డీలు బయటపడ్డాయి. పాత మిద్దె కారినప్పుడు మా అవ్వ తట్టెడు చౌడు నెత్తిన పెట్టుకుని నిచ్చెన ఎక్కేది. స్లాబు కారినప్పుడు మేం మేస్త్రీ కోసం వారం ఎదురుచూసి, అప్పు తెచ్చి అతని చేతిలో పెట్టాం. మే నెలలో ఆ స్లాబు కింద రాత్రి కూడా ఉడుకే. మంచాలు వీధిలోకి వచ్చేస్తాయి.

ప్రభుత్వం కూడా జనం లెక్కనే రాసుకుంది. 2016లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్‌కు మట్టి గోడ, మట్టి కప్పు కచ్చానే. మైదాన ప్రాంతంలో ఇంటికి 1.20 లక్షల రూపాయలు, కనీసం 25 చదరపు మీటర్ల కొత్త ఇంటికి. గుడిసెలో బతికేవాళ్లకు ఆ ఇల్లు కావాల్సిందే. కానీ గట్టి మిద్దె ఉన్న మనిషికి ఒక దూలం మార్చుకోవడానికో, గోడ చుట్టూ రాతి అరుగు కట్టుకోవడానికో ఆ డబ్బు రాదు.

మాలి దేశంలో జెన్నే అనే ఊరుంది. అక్కడి పెద్ద మసీదును 1907లో పచ్చి ఇటుకలతో కట్టారు. ఏటా ఊరంతా కలిసి దానికి కొత్త మట్టి పూస్తారు, ఆ రోజు వాళ్లకు పండగ. 1988లో ఆ ఊరు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. మన దగ్గరైతే ఆ మసీదును కూడా కచ్చా అని రాసి ఉండేవాళ్లం.

మట్టితో సొంతంగా చేసుకునే పని మిద్దెతోనే ఆగదు, పెరట్లోనూ ఉంది. సొర పాదు పక్కన మామూలు మట్టికుండను మూతి వరకు పూడ్చి, నీళ్లు నింపి మూత పెట్టండి. కుండ చెమర్చి వేరుకు తడి అందుతుంది, నీళ్లు ఎండకు ఎగిరిపోవు. దోనె నీళ్లు మాత్రం పాదుకు పారించొద్దు, చౌటి ఉప్పు మొక్కకు పడదు. ఇప్పటికే స్లాబు వేసుకున్నవాళ్లు ఎండలు ముదరకముందే దాని మీద తెల్ల సున్నం రెండు పూతలు పూయండి. అదీ సొంత చేతులతో అయ్యే పనే.

పంచాయతీలను నేను అడిగేది రెండు. కొత్త రోడ్డు పోసేముందు పాతది తవ్వి తీయించండి. ఊరి మిద్దెల కోసం చౌటి నేలలో ఒక మూల వదిలిపెట్టండి. మిద్దె ఉన్నవాళ్లను అడిగేది ఒకటే. ఈసారి చౌడు పోసేముందు పార పట్టుకుని పాతది చెక్కండి, కిందికి దిగి ఒక్కో దూలాన్నీ సుత్తితో తట్టి వినండి. డొల్ల శబ్దం వస్తే చౌడు పని ఆపి, ముందు ఆ దూలం మార్చండి.